ఇలేలా బీళ్ళలో పండిన సజ్జ

నైజర్ అనగానే మనవాళ్ళు చాలామంది నైజీరియా అనుకుంటారు. రెండూ పక్కపక్క దేశాలే కానీ వేరువేరు. నైజీరియాకు ఉత్తరాన, ఏ వైపునా సముద్రం లేని దేశం నైజర్. అందులో ఎక్కువ భాగం సహారా ఎడారి. జనం, చేలు, ఊళ్ళు దాదాపు అన్నీ దక్షిణం అంచునే ఉంటాయి. ఆ అంచులో, బిర్నిన్కోని నుంచి తాహువాకు పోయే రోడ్డు మీద ఇలేలా అనే ఊరు వస్తుంది. 1990ల మొదట్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో నేను ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా పని చేశాను. సేద్యం గురించి నేను ఎక్కువ నేర్చుకున్నది ఎక్కడ అని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ ఆ పల్లెల పేర్లే చెబుతాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. తిరుపతి వ్యవసాయ కళాశాలలో చదువుకుని, అనంతపురం జిల్లాలో మట్టి కొట్టుకుపోకుండా కట్టలు వేయించే పనులు చూసేదాన్ని. నైజర్‌కు పోతున్నానంటే అమ్మ ఏడ్చింది. "కరువు సీమలో పుట్టి మళ్ళీ కరువు దేశానికే పోతావా" అంది. నాయన మాత్రం "అక్కడ వాన ఎంత పడుతుందంట?" అని ఒక్క మాట అడిగాడు. 400 మిల్లీమీటర్లని చెప్పాను. మా జిల్లాలో సగటు 550 దాకా ఉంటుంది. ఆయన కాసేపు లెక్క వేసుకుని, "సద్దలు పండుతాయిలే, బుడ్డలు కష్టం" అన్నాడు. మా సీమలో సజ్జలను సద్దలు, వేరుశనగను బుడ్డలు అంటాం. తరువాత ఆయన రాసిన ప్రతి జాబులో నా క్షేమం అడగడానికి ముందే అక్కడి వానల సంగతి అడిగేవాడు.

నాయన లెక్క సరిగ్గానే ఉంది. ఆ ప్రాంతాన్ని ఆదెర్ అంటారు. పైన చదునుగా ఉండే రాతి గుట్టలు, వాటి వాలుల్లో గులకరాళ్ళ నేల, కింద లోయల్లో ఇసుక చేలు. లోయల్లో సజ్జ, జొన్న, వాటి మధ్య అలసంద వేస్తారు. వాన జూన్‌లో మొదలై సెప్టెంబరుకల్లా ముగిసిపోతుంది. మిగతా నెలల్లో వాన దాదాపు ఉండదు. వాలుల మీది నేల మాత్రం సేద్యానికి పనికిరాకుండా పోయి ఉండేది. హౌసా భాషలో దాన్ని ఫాకో అంటారు. 1973 కరువుకు, 1984 కరువుకు చెట్లు పోయాయి, పశువులు పోయాయి, పై మట్టి గాలికి, వానకు కొట్టుకుపోయింది. మిగిలిన నేల పైపొర గట్టిగా చెక్కు కట్టింది. వాన పడితే చినుకులు ఆ చెక్కును ఇంకా బిగిస్తాయి. నీరు లోపలికి ఇంకదు, వాలు వెంబడి ఉరికిపోతుంది. ఎంత పెద్ద వాన పడినా మర్నాడు గునపంతో తవ్వి చూస్తే బెత్తెడు లోతున పొడి మట్టే వచ్చేది. అది చూసినప్పుడు నాకు కడుపులో దేవేది. 400 మిల్లీమీటర్ల వానలో సగం కూడా నేలకు దక్కనప్పుడు, ఆ రైతు బతుకుతున్నది 400 మిల్లీమీటర్ల దేశంలో కాదు, అంతకంటే ఎండు దేశంలో.

నేను వెళ్ళేసరికి అక్కడ ఒక కథ మొదలైపోయి ఉంది. నేనేదో మొదలుపెట్టానని ఎవరూ అనుకోకూడదు, అందుకే ముందే చెబుతున్నాను. 1989లో, అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో నడిచే ప్రాజెక్టు ఒకటి, ఇలేలా నుంచి పదిమందికి పైగా రైతులను పక్క దేశం బుర్కినా ఫాసోకు తీసుకుపోయింది. అక్కడ యతెంగా అనే ప్రాంతం, వాహిగూయా అనే పట్నం. యతెంగా కూడా ఇలాంటి చెక్కు నేలే, ఇలాంటి కరువే. కానీ అక్కడి రైతులు 1980 నాటి నుంచి ఆ నేలను మళ్ళీ సాగులోకి తెస్తున్నారు. వాలుకు అడ్డంగా రాళ్ళ వరసలు పేర్చారు. ఎండాకాలంలో నేలంతా గుంతలు తవ్వి, వాటిలో ఎరువు వేసి, వాన కోసం ఎదురుచూసేవారు. ఆ గుంతలను వాళ్ళు జాయి అంటారు. గూర్గా అనే ఊళ్ళో యాకూబా సవడోగో అనే రైతు పాత పద్ధతిలోని చిన్న గుంతలను పెద్దవి చేసి, ఎరువు కలిపి, అడవినే పెంచాడు. మొదట్లో ఊరివాళ్ళు ఆయన్ను పిచ్చివాడన్నారు. తరువాత ఆయన గుంతల సేద్యం మీదే సంతలు పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళ రైతులను పిలిచి, ఒకరి విత్తనాలు, అనుభవాలు ఇంకొకరికి చేరేలా చేశాడు.

ఆ ప్రయాణం చేసి వచ్చిన ఒక పెద్దాయన మా పని ఊళ్ళలో ఒకదానిలో ఉండేవాడు. గెడ్డం నెరిసిన సన్నటి మనిషి. ఊరివాళ్ళతో పాటు నేను కూడా ఆయన్ను బాబా అని పిలిచేదాన్ని. బొగ్గుల మీద చిన్న ఎనామెల్ కూజాలో పచ్చ టీ మరుగుతుండగా ఆ ప్రయాణం గురించి చెప్పేవాడు. ఆ టీని మూడు విడతలు పోస్తారు, మొదటిది చేదు, చివరిది తీపి. మూడూ తాగకుండా లేవడం మర్యాద కాదు, కాబట్టి కథ కూడా పూర్తిగా వినాల్సిందే.

"వాళ్ళ భాష మోరే, మాకు రాదు. మా హౌసా వాళ్ళకు రాదు. కానీ మట్టిని చేతిలోకి తీసుకుని నలిపి చూస్తే మాకు అర్థమైపోయింది మదామ్. ఇది మా ఫాకోనే. మా తాతలు కూడా ఇలాంటి గుంతలు తవ్వేవాళ్ళు, తస్సా అంటాం మేము. చిన్నవి తవ్వేవాళ్ళు, ఎరువు వేసేవాళ్ళు కాదు. మేము ఆ పని వదిలేశాం. వీళ్ళు వదల్లేదు, పెంచారు."

ఆ ఏడు తిరిగొచ్చినవాళ్ళు మొత్తం కలిపి 4 హెక్టార్లలో తస్సాలు తవ్వారు. పంట కాసింది. చూసినవాళ్ళు మరుసటి ఏడు తవ్వారు, 1990లో అది 70 హెక్టార్లయింది. ఆ ఏడే వానలు మోసం చేశాయి. చుట్టూ చేలన్నీ మాడిపోతే తస్సాలున్న చోట మాత్రం సజ్జ కంకి వేసింది. ఇక ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. ఆ తరువాతి ఏళ్ళలో అది వందలు, వేల హెక్టార్లకు పాకింది. నేను చూసింది ఆ పాకడాన్నే.

నవంబరులో కోతలయ్యాక తవ్వకం మొదలయ్యేది. జనవరిలో ఉత్తరం నుంచి దుమ్ముగాలి వీస్తుంది. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, ఆకాశమంతా బూడిద రంగు. మగవాళ్ళు ముఖానికి గుడ్డలు చుట్టుకుని, పొట్టి పిడి పారలతో వరసగా తవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఒక్కో గుంత జానెడున్నర వెడల్పు, జానెడు లోతు. తీసిన మట్టిని వాలుకు కింది వైపు పోస్తారు, నీరు ఆగడానికి. హెక్టారుకు ఇంచుమించు 10,000 గుంతలు. గుట్టెక్కి చూస్తే వాలంతా పెద్ద పొంగణాల పెనంలా కనిపించేది. ఒక మనిషి ఒక్కడే హెక్టారు తవ్వాలంటే రెండు మూడు నెలలు పట్టేది. దారిన పోయేవాళ్ళు పని చేస్తున్నవాళ్ళను చూసి "సన్ను ద ఐకి" అని పలకరించకుండా పోరు. పనిలో ఉన్న మనిషికి చెప్పే పలకరింపు అది. నేను నేర్చుకున్న మొదటి హౌసా మాటల్లో అదొకటి.

గుంతలో రెండు దోసిళ్ళ దిబ్బెరువు, చెత్త వేస్తారు. ఎండాకాలంలోనే ఎరువు ఎందుకు వేస్తారో నాకు మొదట తెలియలేదు, ఎండకు సారం పోతుందని మేము చదువుకున్నాం. బాబా నన్ను ఒక గుంత దగ్గర కూర్చోబెట్టి ఎరువును పక్కకు తీసి చూపించాడు. అడుగున చెదలు. ఎరువు కోసం వచ్చిన చెదలు ఆ గట్టి నేలలో సన్నటి సొరంగాలు తవ్వుతాయి. వాన పడగానే నీరు ఆ దారుల వెంట లోతుకు దిగిపోతుంది. నాగలి దిగని నేలను చెద పురుగు దున్నుతోందన్నమాట. మా ఊళ్ళో చెదలు కనిపిస్తే మందు కొట్టేవాళ్ళం. ఇక్కడ వాటి కోసం ఎదురుచూస్తున్నారు.

వానాకాలంలో రెండు మూడు వారాలు చినుకు లేకపోయినా గుంతలోని తేమ పైరును నిలబెట్టేది. పక్కనున్న మామూలు ఫాకోలో గింజలంటూ పెద్దగా ఏమీ రావు. తస్సాలు, ఎరువు ఉన్న చోట హెక్టారుకు 500 కిలోల దాకా సజ్జ వచ్చేది. మన డెల్టా రైతులకు ఇది నవ్వులాటగా అనిపించవచ్చు. కానీ ఏమీ రాని నేల నుంచి ఒక ఇంటికి నెలల తరబడి తిండి రావడమంటే ఏమిటో కరువు చూసినవాళ్ళకు తెలుస్తుంది.

ఇంకొకటి కూడా జరిగేది. మేకలు, ఆవులు చెట్ల కాయలు తింటాయి కదా, వాటి పేడలోని విత్తనాలు గుంతల్లో మొలిచేవి. సజ్జ మొక్క పక్కనే చిన్న చెట్టు. కలుపు తీసేటప్పుడు రైతు దాన్ని పీకేయకుండా వదిలేస్తే, అయిదారేళ్ళకు బీడు నేలలో నీడ వచ్చేది.

మొదటి వాన గురించి రాయకుండా ఉండలేను. మే నెల చివర్లో, జూన్‌లో, సాయంత్రం పూట తూర్పున ఎర్రటి దుమ్ము గోడ లేస్తుంది. ఉన్నట్టుండి చీకటి పడుతుంది. కోళ్ళు చెట్టెక్కుతాయి. తరువాత ఉరుము, ఆ వెంటనే వాన. మర్నాడు తెల్లవారకముందే ఊరు ఊరంతా చేలల్లో ఉంటుంది. ముందు ఒకరు పొడుగు పిడి పారతో అడుగుకొక చోట నేలను కదిలిస్తూ నడుస్తారు, వెనక పిల్లో పిల్లాడో చిటికెడు గింజలు వేసి కాలితో మట్టి నెడతారు. ఇద్దరి అడుగులూ ఒకే లయలో పడతాయి. మన గొర్రు సేద్యానికి అలవాటుపడిన నా కళ్ళు దాన్ని ఎంత చూసినా తనివితీరేది కాదు. ఇసుక గాలి వచ్చి మొలకలను కప్పేస్తే మళ్ళీ విత్తాలి. ఒక్కో ఏడు మూడుసార్లు విత్తినవాళ్ళున్నారు, మూడోసారికి ఇంట్లో తినే గింజల్లోంచే తీయాలి. సరిగ్గా ఆ నెలల్లోనే, జూలై, ఆగస్టుల్లో, మట్టి గాదెలు ఖాళీ అయ్యేవి. పైరు పచ్చగా ఉంటుంది, పొయ్యిలో పిల్లి లేవదు. పిల్లల జబ్బులూ అప్పుడే.

నేను ఉండే పెరటికి ఆనుకుని ముగ్గురు తోడికోడళ్ళ కాపురం. పెద్దామె నన్ను చెల్లెలిగా చూసుకుంది. నేను ఆమెను యాయా అనేదాన్ని, అక్కలాగా. పొద్దున అయిదింటికే రోట్లో సజ్జలు దంచే చప్పుడు మొదలయ్యేది. ఇద్దరు ముగ్గురు ఒకే రోట్లో, రోకళ్ళు ఒకదానికొకటి తగలకుండా. మధ్యాహ్నం పులిసిన పాలలో సజ్జ ఉండలు కలిపిన హురా, రాత్రికి సజ్జ సంగటి. దాన్ని తువో అంటారు. దానిలోకి బెండకాయ పులుసో, ఎండబెట్టి పొడి చేసిన ఆకుల పులుసో. ఒక రోజు ఆమె చేటలో ఆకు చెరుగుతుంటే దగ్గరకు పోయి చూశాను. గోంగూర! వాళ్ళు యాకువా అంటారు. సజ్జ చేను గట్ల మీద వరసగా వేస్తారు. ఆ ఆకును ఉడికించి, నూనె తీసిన వేరుశనగ చెక్కను దంచి, ఉల్లిపాయ కలిపి తింటారు. ఉల్లిపాయ కూడా మామూలుది కాదు, బిర్నిన్కోనికి తూర్పున గల్మి అనే ఊరుంది, అక్కడి ఊదారంగు ఉల్లికి పశ్చిమాఫ్రికా అంతా పేరు. నేను ఆ ఆకుతో మన పచ్చడి చేసి పెట్టాను, ఎండు మిరపకాయలు వేయించి, వేరుశనగ నూనె పోసి. యాయా తువోలో నంజుకుని తిని, మర్నాడు గిన్నె పట్టుకుని మళ్ళీ వచ్చింది. ఆ తరువాత ఆ పెరట్లో రెండు రకాల గోంగూరా ఉండేది. రాజధాని నియామే పోయినప్పుడల్లా, దగ్గరలోని సదోరేలో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కేంద్రంలో పనిచేసే తెలుగువాళ్ళను కలిసేదాన్ని, పటాన్‌చెరు నుంచి వచ్చినవాళ్ళు. ఆవకాయ కోసం ఆశగా వెళ్ళి, గోంగూర ఇచ్చి వచ్చేదాన్ని.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఆ పల్లెల్లో బావులు చాలా లోతు. పాత టైరు ట్యూబుతో కుట్టిన చేదను పొడవాటి తాడుతో వదిలి, ఇద్దరు ఆడపిల్లలు తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ పోతే గానీ నీళ్ళు పైకి రావు. కొన్నిచోట్ల గాడిదలు లాగేవి. నీళ్ళు, కట్టెలు, దంచడం, వంట, ఆపైన ఇంటి చేలో కలుపు. ఇవన్నీ అయ్యాక ఎవరి సొంత చెక్క వాళ్ళు చేసుకోవాలి. పెళ్ళయిన ఆడమనిషికి మొగుడు ఇచ్చే చిన్న చెక్కను గమానా అంటారు. అందులో పండే అలసందలు, వేరుశనగ, గోంగూర ఆమె సొంతం. పిల్లల బట్టలు, మందులు, పెళ్ళిళ్ళలో పెట్టుపోతలు అందులోంచే. తస్సాల మీద జరిగే మీటింగులకు మాత్రం మగవాళ్ళే వచ్చేవాళ్ళు. నేను ఆడదాన్ని కాబట్టి మీటింగు అయిపోయాక పెరళ్ళలోకి పోయి కూర్చోగలిగాను. అసలు ప్రశ్నలన్నీ అక్కడే వినిపించేవి. ఎరువు మోసేది ఎవరు? పది వేల గుంతలకు దోసిళ్ళ లెక్కన ఎరువు తట్టల్లో మోసింది ఎక్కువగా ఆడవాళ్ళే, పిల్లలే. పక్క జిల్లా కెయితాలో 1984 నుంచి నడుస్తున్న పెద్ద ప్రాజెక్టులోనూ అంతే, మగవాళ్ళు వలస పోతే గుట్టల మీద కందకాలు తవ్విన చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవే. ఫొటోల్లో పంట కనిపిస్తుంది, తట్ట కనిపించదు.

వలస గురించి కూడా చెప్పాలి. కోతలయ్యాక కుర్రాళ్ళు నైజీరియాకో, ఐవరీ కోస్ట్‌కో పోయేవాళ్ళు, వానలకు ముందు తిరిగొచ్చేవాళ్ళు. మా సీమ నుంచి బెంగళూరుకు, పాలమూరు నుంచి ఊరూరికీ పోయే జనాన్ని చూసి పెరిగినదాన్ని కాబట్టి ఆ ఖాళీ ఊళ్ళు నాకు కొత్త కాదు. తస్సాలు వచ్చాక కొందరు ఆగారు. గుంపులుగా ఏర్పడి, ఇతరుల నేలల్లో కూలికి గుంతలు తవ్వేవాళ్ళు. ఎండాకాలంలో ఊళ్ళోనే కూలి దొరకడం వాళ్ళ అమ్మలకు ఎంత సంతోషమో నేను కళ్ళారా చూశాను.

1991లో, మాకు తూర్పున ఉన్న మరాది పట్నం వైపు, ఒక సంస్థ ఆడవాళ్ళతో పొదుపు గుంపులు పెట్టించడం మొదలుపెట్టింది. పేరు మాతా మాసు దుబారా. సంస్థ కేర్, చాలా దేశాల్లో పనిచేసే సహాయ సంస్థ. అదషీ అని వాళ్ళకు పాత చీటీ పద్ధతి ఉండేది, దాని మీదే కట్టారు. వారానికింత అని వేసుకుంటారు, ఆ డబ్బును తమలో తామే వడ్డీకి ఇచ్చుకుంటారు, ఏడాది చివర అంతా పంచేసుకుంటారు. బయటి నుంచి ఒక్క ఫ్రాంకు (అక్కడి డబ్బు) రాదు. చదువు రానివాళ్ళు లెక్కలన్నీ నోటితోనే గుర్తుపెట్టుకునేవాళ్ళు. నేను చూడడానికి వెళ్ళాను. సరిగ్గా అదే కాలంలో ఇంటి నుంచి వచ్చిన పేపరు కత్తిరింపుల్లో నెల్లూరు జిల్లా దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం, రోజుకు రూపాయి పొదుపు గురించి చదివేదాన్ని. ఎక్కడి దూబగుంట, ఎక్కడి మరాది! ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, రెండు చోట్లా ఆడవాళ్ళు కొంగులో ముడి వేసిన చిల్లరతోనే మొదలుపెట్టారు. మన సంఘాలు తరువాత బ్యాంకుల వైపు నడిచాయి. వాళ్ళవి బ్యాంకు లేకుండానే ఎన్నో ఆఫ్రికా దేశాలకు పాకాయి. నేను తిరిగొచ్చి యాయాకు చెప్పగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఏడాది చివర పంచుతారా, ఎవరి దగ్గరైనా ఉంచుతారా?" పంచుతారని చెప్పాను. "అయితే సరే" అంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు పుస్తకాలు రాసిన ప్రశ్న అది.

మరాది దారిలోనే చేల మధ్య చెట్లు చూశాను. నాటినవి కాదు. నరికిన మొద్దుల నుంచి లేచిన చిగుళ్ళలో మంచివి రెండు మూడు ఉంచి మిగతావి కోసేసి పెంచినవి. 1983 ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా మిషనరీ, మొక్కలు నాటి నాటి అవి చచ్చిపోతుంటే విసిగి, నేల కింద వేళ్ళు బతికే ఉన్నాయని గమనించి రైతులతో ఈ పని మొదలుపెట్టాడు. అంతకుముందు చెట్టు సర్కారుదనే భయం ఉండేది, కొమ్మ కొడితే జరిమానా. చెట్టు నాది అని రైతుకు నమ్మకం కుదిరాక చెట్టు నిలిచింది. గావో అనే తుమ్మజాతి చెట్టు ఉంటుంది, వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. దాని కింద సజ్జ ఏపుగా పెరుగుతుంది. 2000 తరువాత ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క కడితే, నైజర్ దక్షిణాన అలా చెట్లు తిరిగొచ్చిన నేల 50 లక్షల హెక్టార్ల దాకా తేలింది. ఆ రోజు జీపులో పోతూ చూసినప్పుడు అంత పెద్ద సంగతి అని మాలో ఎవరికీ తెలియదు. 2018లో రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు రినాడోకు, యాకూబా సవడోగోకు ఒకే ఏడాది వచ్చిందని తెలిసినప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు.

అన్నీ మంచే జరిగాయని రాస్తే అబద్ధమవుతుంది. ఎరువు ఉన్నవాడికే తస్సా పండుతుంది. పశువులు లేని ఇల్లు గుంతలు తవ్వి కూర్చుంటే ఏం లాభం? ఇదివరకు కోతలయ్యాక ఫులానీ కాపరులు మందలను చేలల్లో ఆపేవాళ్ళు, రైతు గింజలు ఇచ్చేవాడు. మా వైపు గొర్రెల మంద తోలించుకున్నట్టే. ఎరువుకు గిరాకీ పెరిగాక ఎరువును బండ్లలో అమ్మడం, కొనడం మొదలైంది. పైగా ఆ ఫాకో వాలులు ఎవరికీ పనికిరానివని మనం అనుకున్నాం గానీ, కాపరులకు అవి దారులు, వానాకాలపు మేత. గుంతలు తవ్విన నేల మీద మంద నడవకూడదు. మీటింగుల్లో వాళ్ళను పిలిచినవాళ్ళు తక్కువ. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

నేల విలువ పెరగడం ఇంకో చిక్కు. పండని ఫాకోను ఎవరైనా అడిగితే "చేసుకో" అనేవాళ్ళు. పండడం మొదలయ్యాక దాన్ని కొనడం, అమ్మడం వచ్చింది. మా ఊళ్ళలో ఒక విధవరాలు అరువు తీసుకున్న చెక్కలో ఇద్దరు కూతుళ్ళతో కలిసి తస్సాలు తవ్వింది. రెండు పంటలు తీసింది. మూడో ఏడు నేల యజమాని కొడుకు వచ్చి వెనక్కి ఇవ్వమన్నాడు. ఊరి పెద్ద దగ్గర పంచాయితీ జరిగింది. ఆమె ఏమీ అరవలేదు. "నేల మీదే, కాదనను. ఆ గుంతలు ఎవరివి?" అని అడిగింది. పెద్దలు చాలాసేపు మాట్లాడుకుని, ఆ ఏడు పంట ఆమెనే తీసుకోమన్నారు, ఆ తరువాత నేల వదిలేయమన్నారు. ఆమె వదిలేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేల బాగుచేసే పనిని ఎంత పొగిడినా, బాగుచేసిన చేతికి నేల మీద హక్కు గురించి ముందే మాట్లాడుకోకపోతే అది సగం పనే అని నాకు గట్టిగా నమ్మకం కలిగింది అప్పుడే. 1993లో ఆ దేశం గ్రామీణ భూముల చట్టం తెచ్చింది, భూమి కమిషన్ల ద్వారా వాడకపు హక్కులు కాగితం మీద రాయించుకోవచ్చని. పల్లెలకు అది చేరడానికి ఏళ్ళు పట్టింది.

1994 జనవరిలో ఫ్రాంకు విలువను ఒక్కసారిగా సగానికి తగ్గించారు. మందులు, బట్టలు, డీజిలు ధరలు మండిపోయాయి. ఆ గడ్డు రోజుల్లోనే నా గడువు తీరి తిరిగొచ్చాను. యాయా ఒక గుడ్డ మూటలో యాకువా విత్తనాలు కట్టి ఇచ్చింది. అనంతపురం వచ్చాక మళ్ళీ మా పల్లెల్లోనే పని చేశాను. కట్టలు వేసే ముందు రైతులను ఇంకో ఊరి రైతుల దగ్గరకు తీసుకుపోవడం నా పద్ధతి అయింది. ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా రాని నమ్మకం, తనలాంటి రైతు చేలో నిలబడితే వస్తుంది.

2023 డిసెంబరులో యాకూబా సవడోగో కన్నుమూశాడు. ఆయన్ను నేను ఎన్నడూ కలవలేదు, కానీ ఇంటి పెద్ద పోయినట్టే అనిపించింది. ఆయన యతెంగా ఇప్పుడు సాయుధ ముఠాల దాడులతో అల్లాడుతోంది, ఎన్నో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. తవ్విన గుంతలు, పెంచిన చెట్లు వదిలి జనం పట్నాల అంచుల్లో గుడారాల్లో ఉంటున్నారు. నైజర్‌లోనూ తాహువా ఉత్తరాన అదే భయం, 2023 జూలైలో సైన్యం అధికారం పట్టింది. మళ్ళీ ఒకసారి వెళ్ళి రావాలన్న కోరిక తీరేలా లేదు.

అప్పట్లో నాతో పనిచేసిన అబ్బాయి, ఊళ్ళలో మీటింగులు నడిపేవాడు, ఇప్పుడు రిటైరై ఇలేలాలోనే ఉంటున్నాడు. వాట్సాప్‌లో మాట్లాడుకుంటాం. ఫ్రెంచి నేను సగం మర్చిపోయాను, హౌసా మాత్రం నాలుక మీదికి వచ్చేస్తుంది. బాబా, యాయా ఇద్దరూ పోయారు. గుట్ట వాలు మీద ఇప్పుడు తస్సాలతో పాటు అర్ధచంద్రాకారపు పెద్ద గుంతలు కూడా తవ్వుతున్నారట, నాలుగు మీటర్ల వెడల్పువి, హెక్టారుకు 300కు పైగా, గడ్డికి, చెట్లకు. పోయినసారి మాట్లాడినప్పుడు ఆ విధవరాలి పిల్లల సంగతి అడిగాను. చిన్న కూతురు ఊళ్ళోనే ఉందట. ఆమె, ఇంకొందరు ఆడవాళ్ళు కలిసి గుంపుగా ఒక ఫాకో ముక్క తీసుకున్నారు. తవ్వడానికి ముందే భూమి కమిషన్‌కు పోయి కాగితం రాయించుకున్నారు. ఎన్నేళ్ళకు, ఎవరెవరికి, యజమాని చనిపోతే ఏమిటి, అన్నీ అందులో ఉన్నాయట. యజమాని వేలిముద్ర, అతని కొడుకు వేలిముద్ర కూడా వేయించారు.